నాలుగో బోయీ

గుమ్మడివలసలో పల్లకీ దాలయ్య ఇంట్లోవాళ్లు పడుకునేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకుంటారు. చలికి కాదు, దోమలకీ కాదు. నిద్రలో తల పక్కకి ఒరిగితే తెలివి చెవిలోంచి కారి దిండు మీద పడిపోతుందని. ఇలాంటి ముందుజాగ్రత్త మామూలు బుర్రకి తడుతుందా? తట్టదు. అందుకే ఊళ్లో ఇంకెవరికీ తట్టలేదు. పొద్దున్నే ఇరుగుపొరుగువాళ్లు దిండ్లు దులుపుకుంటూ ఉంటే దాలయ్య అరుగు మీద కూర్చుని, "పాపం, ఎంత తెలివి మట్టిపాలు సేసుకుంటన్నారో," అని జాలిపడేవాడు.

ఆ ఇంట్లో ఉండేది ఐదుగురు. దాలయ్య, అతని భార్య పైడమ్మ, అతని తమ్ముళ్లు అసిరయ్య, సూరప్పడు. ఐదోవాడు బావ గవరయ్య. దాలయ్య చెల్లెలు పోయి చాలా ఏళ్లయినా గవరయ్య మాత్రం అత్తారింటిని వదల్లేదు. తెలివి అందరికీ సమానమే గానీ, పెద్దవాడు కాబట్టి దాలయ్యకి ఒక పిసరు ఎక్కువని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోమని చెప్పింది దాలయ్యే.

ఊళ్లో వేణుగోపాలస్వామి పల్లకి మొయ్యడం తాతల నాటి నుంచీ ఆ ఇంటి హక్కు. ఏటా కల్యాణం అయిన మర్నాడు పొద్దున్నే స్వామి ఊరేగింపు. పల్లకికి రెండు పొడుగాటి కొయ్యలు, నాలుగు కొసలు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. నలుగురు బోయీలూ ఒకే ఎత్తు ఉండాలి, ఒకే అడుగు వెయ్యాలి, ఒకే వైపు నడవాలి. పరాయి ఇంటి భుజం ఆ కొయ్య కింద దూరకూడదు. దాలయ్య కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ కాసి ఉంటుంది. చొక్కా తొడుక్కుంటే అది కనపడదని అతను పెళ్లిళ్లకి కూడా చొక్కా లేకుండానే వెళ్లేవాడు.

ఈ ఏడు చిక్కొచ్చింది. గవరయ్యకి భుజం పట్టేసింది. పట్నం డాక్టరు చూసి, "ఇక మీదట ఈ భుజం మీద ఏ బరువూ పెట్టకూడదు," అన్నాడు. అంతే. గవరయ్య అక్కడికక్కడే తువ్వాలు తీసి అసిరయ్యకిచ్చాడు. చొక్కా విప్పి సూరప్పడికిచ్చాడు. ఇంటికొచ్చాక ఈగ వాలితే, "ఒలమ్మో, బరువు! బరువు!" అని కేక పెట్టేవాడు. పైడమ్మ విసనకర్ర పట్టుకుని ఆ భుజం పక్కనే కాపలా కూర్చుంది. కాసేపటికి ఆమెకే అనుమానం వచ్చి, "అన్నియ్యా, గాలికి బరువుంటాదేటి?" అని అడిగింది. ఎందుకొచ్చిన గొడవని విసరడం కూడా మానేశారు.

ఈ సంగతి గుడి కమిటీ పెద్ద సింహాద్రినాయుడి చెవిన పడింది. ఆయన చెడ్డవాడు కాదు, కాకపోతే ఓపిక తక్కువ.

"ముగ్గురితో పల్లకి ఎలా లేస్తాదిరా దాలయ్యా?" అన్నాడు. "ఊరేగింపు ఇంక ఇరవై రోజులుంది. ఈలోపల నాలుగోవోణ్ని సూపించు. నేదంటావా, స్వామి నా ట్రాక్టరు మీద ఊరేగుతాడు. ఒకసారి ట్రాక్టరెక్కించినాక మరి పల్లకి మాటుండదు. ఇప్పుడే సెప్తన్నాను."

దాలయ్య నాయుడి వెంటపడ్డాడు. "ట్రాక్టరుకి భుజం ఉంటాదేటి బావూ? మా అయ్య పోయేముందు నా భుజం తడిమి సూసుకుని మరీ పోనాడు. స్వామికి మా ఊపిరి ఇనపడాల. పొగ్గొట్టం ఇనిపిస్తారేటి?" అన్నాడు. నాయుడు అప్పటికే సగం వీధి దాటిపోయాడు. ఆ పూట దాలయ్య అన్నం ముట్టలేదు. భుజం మీద కాయని చేత్తో రాసుకుంటూ మొక్కజొన్న చేల గట్టు మీద కూర్చున్నాడు.

అక్కడే అతని జన్మకి సరిపడా తెలివి ఒక్కసారి తలకెక్కింది. అవతల చేలో ఎవరో డ్రోనుతో మందు కొట్టిస్తున్నారు. నాలుగు చేతులు, నాలుగు కొసలా నాలుగు మోటార్లు, నడిమధ్య మందు డబ్బా. అది గాల్లో తేలుతూ, ఎక్కడా ఒలక్కుండా, చేను ఈ కొస నుంచి ఆ కొసకి పోతోంది. దాలయ్య లేచి నిలబడ్డాడు.

"ఒరే అసిరిగా! ఒరే సూరిగా! రండర్రా! ఆకాసంలో పల్లకీ! నలుగురు బోయీలు, సెయ్యి మార్సకుండా, సెమట పట్టకుండా మోసేస్తన్నారు! అలాటిదొకటి మనమే ఇంట్లో కట్టుకుని బావ మూలకి తగిలిస్తే సరి. మనింట్లో కట్టినాం గాబట్టి అదీ మనింటి బోయీయే."

ఇంకేముంది! మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములు ముగ్గురూ విజయనగరం బస్సెక్కారు.

డ్రోను సామాన్లు అమ్మే కామేశ్వర్రావు నెమ్మదస్తుడు. ఎవరేమడిగినా విసుక్కోకుండా చెప్పే మనిషి. ఆ మంచి గుణమే ఆయన కొంప ముంచింది.

"మొదట ఎంత బరువు ఎత్తాలో తేల్చుకోవాలండి. దాన్నిబట్టి ఫ్రేము, ఫ్రేముని బట్టి మోటార్లు. బరువు తూకం వేసుకుని రండి," అన్నాడు.

ముగ్గురూ ఊరికి తిరిగొచ్చారు. పల్లకి గుడిలో ఉంది, గుడి తాళం నాయుడి దగ్గరుంది. అయినా పల్లకితో పనేముంది? లోటు వచ్చింది గవరయ్యది. కాబట్టి గవరయ్యని తీసుకెళ్లి రైసుమిల్లు కాటా మీద నిలబెట్టారు. రెండో బస్సుకి మళ్లీ విజయనగరం వెళ్లి, "అరవై రెండు కేజీలు," అని చెప్పారు.

కామేశ్వర్రావు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడింది. "అంత బరువు ఎత్తేది ఇంట్లో కట్టుకునేది కాదండి. ముందు చిన్నది కట్టి చెయ్యి తిరగనివ్వండి. అది ఒక కొబ్బరికాయ ఎత్తితే గొప్ప."

"సిన్నదైనా పర్లేదు బావూ," అన్నాడు దాలయ్య. "ఊరేగింపుకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఎదుగుతాది."

"ఏమిటి ఎదిగేది?"

"డ్రోను. మా యింటిది బాగా తిండి పెట్టే సెయ్యి."

కామేశ్వర్రావు ఫ్రేముల బీరువా తెరిచాడు. నల్లగా, సన్నగా ఉన్న కార్బను ఫ్రేము ఒకటి తీసి దాలయ్య అరచేతిలో పెట్టాడు. "ఫ్రేము ఎంచుకునేటప్పుడు ఒకటే గుర్తండి. చేత్తో పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియకూడదు. అదే మంచి ఫ్రేము."

దాలయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అగరొత్తి పుల్లల్లా ఉన్నాయి దాని చేతులు. "బోయీ సేతులు ఇలాగుంటాయేటి? ఫ్రేము మేం ఇంటికాడ సేసుకుంటాం. గుర్తు సెప్పేసినారు గదా," అని దాన్ని వెనక్కిచ్చేశాడు. "మోటార్లు సూపించండి."

"ఇవిగో. నాలుగూ ఒకే రకానివి ఉండాలి. ఒక్కదానికీ తేడా రాకూడదు," అన్నాడు కామేశ్వర్రావు.

ఈ మాట మాత్రం దాలయ్యకి మనసారా నచ్చింది. బోయీల్ని ఎంచే ఇంట్లో పుట్టినవాడికి మోటార్లు ఎంచడం ఒక లెక్కా? మొలతాడు విప్పి ఒక్కో మోటారు ఎత్తూ కొలిచాడు. చుట్టుకొలత చూశాడు. అసిరయ్య ఒక్కోదాన్నీ భుజం మీద పెట్టుకుని నాలుగడుగులు నడిచి చూశాడు. సూరప్పడు చెవి దగ్గర పెట్టుకుని, "దగ్గు నేదన్నియ్యా," అన్నాడు. అంతా బాగానే ఉంది. చివర్లో దాలయ్య కన్ను మోటార్ల నెత్తిన ఉన్న టోపీల మీద పడింది. రెండు మోటార్లకి నల్ల టోపీలు, రెండింటికి తెల్ల టోపీలు.

"ఇదేటి? తేడా రాకూడదని మీరే గదా అన్నారు?"

"అది ఉండాల్సిన తేడానేనండి. నల్లటోపీవి ఒక వైపు తిరుగుతాయి, తెల్లటోపీవి దానికి ఎదురు తిరుగుతాయి. రెండు ఇటు, రెండు అటు తిరిగితేనే డ్రోను కుదురుగా నిలబడుతుంది."

అన్నదమ్ములు ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వాళ్ల కళ్లలో కామేశ్వర్రావు మీద చెప్పలేనంత జాలి.

"బావూ," అన్నాడు దాలయ్య మెల్లగా, మంచానపడ్డవాడితో మాట్లాడినట్టు. "నలుగురు బోయీల్లో ఇద్దరు తూరుపుకీ, ఇద్దరు పడమరకీ నడిసినారనుకో. పల్లకీలో పెళ్లికూతురు ఏ ఊరెళ్తాది?"

"అయ్యా, ఇది పల్లకి కాదు..."

"మాకు నాలుగూ నల్లటోపీవే ఇచ్చీండి. రెక్కలు కూడా అలాగే ఇచ్చీండి."

"బొంగరంలా తిరుగుతుందయ్యా!"

"తిరగని మోటారు మాకెందుకు బావూ?" అన్నాడు అసిరయ్య.

కామేశ్వర్రావు నెమ్మదస్తుడని చెప్పాను కదా. వాళ్లడిగినట్టే నాలుగు నల్లటోపీలు తీసిచ్చాడు. బోర్డు, బ్యాటరీ, రిమోటు, వాటిని కలిపే వైర్లు అన్నీ సర్ది, వైర్లు ఎక్కడ పెట్టాలో రంగులు గీసి ఇచ్చాడు. జాగ్రత్తలు చెప్పాడు. మోటారు వేడెక్కితే చల్లబరచండి, మొదటిసారి ఎగరేసేటప్పుడు తాడు కట్టండి, సందేహం వస్తే ఫోన్ చెయ్యండి. ఈ మూడో జాగ్రత్త చెప్పినందుకు ఆయన తర్వాత చాలాసార్లు బాధపడ్డాడు.

ఇంటికొచ్చి ఫ్రేము పని మొదలుపెట్టారు. అటక మీద పాత పల్లకి కొయ్య ముక్కలున్నాయి, అచ్చమైన టేకువి. రెండు ముక్కల్ని అడ్డంగా వేసి మేకులు కొట్టారు. అసిరయ్య దాన్ని ఎత్తబోయి, "అమ్మ బాబోయ్," అన్నాడు.

"తెలుస్తందా?" అడిగాడు దాలయ్య.

"తెలవకేటన్నియ్యా! నడుం ఇరిగీలా ఉంది."

"కంగారు పడకు. పల్లకీ మాత్రం? మొదటి మైలు బరువుంటాది. రెండో మైలుకి భుజం మొద్దుబారిపోతాది. అప్పుడు తెలుస్తాదా? ఇదీ అంతే. తెలవకుండా అయ్యేదాకా అలాగ పట్టుకునుండు."

అంతే. అసిరయ్య ఆ కొయ్యల్ని చేతుల్లో పెట్టుకుని పెరట్లో నిలబడ్డాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. పైడమ్మ నోట్లో ముద్దలు పెట్టింది. మధ్యాహ్నం దాటాక అసిరయ్య మొహం వెలిగిపోయింది. "అన్నియ్యా! తెలవడం నేదు! సేతులున్నట్టే తెలవడం నేదు!"

"సూసినారా? దుకాణమాయన ఇచ్చింది పట్టుకోగానే తెలవదు, అందులో గొప్పేటుంది? మనది కష్టపడి తెలవకుండా అయింది. మరి మంచి ఫ్రేము ఏదర్రా?" అన్నాడు దాలయ్య.

ఆ ఫ్రేముకి మోటార్లు బిగించారు, వైర్లు కలిపారు. రిమోటు ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది. గవరయ్య ముందుకొచ్చాడు. "డాక్టరు భుజం గురించి సెప్పినాడు గాని బొటనేళ్ల గురించి ఏటీ అన్నేదు," అన్నాడు. నిజమే కదా అని రిమోటు అతనికే ఇచ్చారు. గవరయ్య మీట నొక్కాడు. రెక్కలు గిర్రున తిరిగాయి, పెరట్లో ఆకులన్నీ వంటింట్లోకి పోయాయి, ఫ్రేము మాత్రం కదల్లేదు. ఇంకా నొక్కాడు. మోటార్లు సెగలు కక్కాయి.

"ఏడెక్కిపోనారు! దింపండి!" అంది పైడమ్మ. బోయీలు ఎండలో నడిచొచ్చి పల్లకి దింపగానే ముంత మజ్జిగ ఇవ్వడం ఆ ఇంటి మర్యాద. ఆమె అత్తగారు నేర్పింది అదే. పైడమ్మ మజ్జిగ కుండ తెచ్చి, మోటార్లు నాలుగూ విప్పించి, ఉప్పూ కరివేపాకూ వేసి అందులో వదిలింది. నాలుగూ బుడబుడమన్నాయి. "ఎంత దాహమేసిందో నా తండ్రులకి," అని కళ్లు తుడుచుకుంది.

మర్నాడు మళ్లీ ప్రయత్నించారు. ఇప్పుడు పెరడంతా పుల్లటి వాసన వచ్చింది గానీ ఫ్రేము లేవలేదు. సూరప్పడు కామేశ్వర్రావుకి ఫోన్ చేశాడు.

"లేవకపోతే బరువు ఎక్కువైనట్టండి. బరువు తగ్గించండి," అన్నాడు ఆయన.

ఫోన్ పెట్టేసి సూరప్పడు ఈ మాట చెప్పాడు. ఎవరి బరువో ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు. ఒకరిని తగ్గించి ఇంకొకరిని వదిలేస్తే తేడా వస్తుంది, తేడా రాకూడదని ముందే చెప్పాడు కదా! అంచేత ఇంట్లో ఐదుగురూ అన్నం మానేశారు. మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. రోజుకోసారి వరసగా రైసుమిల్లు కాటా ఎక్కి దిగేవారు. నాలుగో రోజుకి గవరయ్య యాభై ఏడుకి వచ్చాడు. పైడమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. అందరూ ఓపిక చేసుకుని డ్రోను చుట్టూ కూర్చున్నాక గవరయ్య మీట నొక్కాడు. అది లేవలేదు.

ఊరేగింపు పదకొండు రోజుల్లోకొచ్చింది. అవతల నాయుడు ట్రాక్టరు కడిగించి రంగులు వేయిస్తున్నాడని కబురు తెలిసింది. దాలయ్య ఫోన్ లాక్కుని, "బావూ! అందరం సగం అయిపోనాం! ఇంకెంత తగ్గమంటావు?" అని ఏడుపుగొంతుతో అడిగాడు.

అవతలనుంచి కామేశ్వర్రావు, "ముందు అన్నం తినండయ్యా," అన్నాడు. "తగ్గించాల్సింది మీ బరువు కాదు, ఫ్రేము బరువు. కొయ్య పారేసి తేలికైనది ఏదన్నా పెట్టండి. దండం పెడతాను, ముందు అన్నం తినండి."

అన్నం తిన్నారు. తింటూండగా పైడమ్మకి తట్టింది. ఆమె ఎంగిలిచేత్తోనే లేచి, ధాన్యం మోసే వెదురు తట్ట తెచ్చి బోర్లా పెట్టింది. "దీనికంటే తేలికేటుంది మావా?" అంది. తట్ట అంచుకి నాలుగు వైపులా నాలుగు మోటార్లు బిగించారు. ఎగరేసే ముందు తాడు కట్టాలన్న జాగ్రత్త గుర్తొచ్చింది. ఒక కొస తట్టకి కట్టారు. రెండో కొస దేనికి కట్టాలో కామేశ్వర్రావు చెప్పలేదు. చెప్పని పని సొంతంగా చేస్తే ఏ అనర్థం వస్తుందో! అందుకని దాన్ని కూడా తట్టకే కట్టేశారు.

గవరయ్య మీట నొక్కాడు. ఇంకేముంది! తట్ట లేచింది. ఇంటి చూరు దాకా లేచి, అక్కడ గిర్రున తిరగడం మొదలెట్టింది. నాలుగు మోటార్లూ ఒకే వైపు తిరిగితే తట్ట ఊరుకుంటుందా, తనూ తిరిగింది. కిందకి వేలాడుతున్న తాడు దండేన్ని పట్టుకుంది. దండెం మీద ఆరేసిన పైడమ్మ పట్టుచీర లేచింది, దాని వెనక దాలయ్య పంచె లేచింది. పంచె పట్టుకుని ఆపుదామని సూరప్పడు ఎగిరాడు. తనూ దాంతోపాటు పెరడంతా మూడుసార్లు తిరిగి, పెంటకుప్ప మీద దిగాడు. చీర తట్ట చుట్టూ చుట్టుకుని రెక్కలు ఆగిపోయాక అన్నీ కలిసి కోళ్లగూటి మీద పడ్డాయి.

దాలయ్య రెండు చేతులూ జోడించాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సూసినారా దాని బుద్ధి! మనం సెప్పకుండానే ప్రదచ్చిణం సేసింది! స్వామి పల్లకీకే పుట్టినాది ఇది!"

ఆ రోజు నుంచి దానికి పూటకింత తవుడు పెట్టారు. ఎదగలేదు గానీ, ఎలకలు మాత్రం బాగా ఎదిగాయి.

ఊరేగింపు రోజు పొద్దున గుడి ముందు ఊరంతా చేరింది. సన్నాయివాళ్లు, డప్పులవాళ్లు, హారతిపళ్లాలతో ఆడవాళ్లు. పూజారి శ్రీనివాసాచారి స్వామిని తెచ్చి పల్లకిలో కూర్చోబెట్టి తెర దించాడు. నాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక ట్రాక్టరు, దానికి బంతిపూల దండలు.

"ఏడ్రా నాలుగోవోడు?"

దాలయ్య తట్టని తెచ్చి ముందువైపు ఎడమ కొసకి మూరెడు తాడుతో కట్టాడు. తట్టకి బొట్టు పెట్టి ఉంది, తలపాగా చుట్టి ఉంది. గవరయ్య చొక్కా లేకుండా కుర్చీలో కూర్చుని రిమోటు పట్టుకున్నాడు. జనం నోళ్లు తెరిచారు. నాయుడు వద్దనేలోపే దాలయ్య తన కొయ్య కింద భుజం పెట్టేశాడు.

"ఎత్తండ్రా!" అన్నాడు దాలయ్య. మూడు కొసలు లేచాయి. నాలుగోది కాస్త ఒరిగింది. తట్ట రయ్యిమని లేచి, తాడు అందినంత మేరకి ఎగిరి, గిర్రున తిరగడం మొదలెట్టింది.

బోయీలకి ఒక కట్టుబాటుంది. ముందు ఎడమవైపు నడిచేవాడు ఎటు తిరిగితే మిగతా ముగ్గురూ అటే తిరగాలి. దాలయ్య ప్రాణం పోయినా ఆ కట్టుబాటు తప్పడు. "తిరుగుతన్నాడ్రా! తిరగండి!" అన్నాడు. ముగ్గురూ ఉన్నచోటే గుండ్రంగా తిరిగారు. తట్ట జోరు పెంచింది, వాళ్లూ పెంచారు. పల్లకి తెరలు గొడుగులా విచ్చుకున్నాయి. పూలదండలు తెగి జనం మెడల్లో పడ్డాయి. పట్టుకోబోయిన పూజారి కొయ్యకి చిక్కి తనూ తిరిగాడు. సన్నాయి ఆయన ఏ తాళానికి వాయించాలో తెలియక ఆపేశాడు. "గోవిందా!" అన్నవాళ్లు కొందరు, "ఆపండ్రా!" అన్నవాళ్లు కొందరు. ఎన్ని చుట్లయ్యాయో లెక్కపెట్టేవాడికే కళ్లు తిరిగాయి.

బ్యాటరీ అయిపోయింది. తట్ట వచ్చి పల్లకి కప్పు మీద బోర్లా పడింది. అన్నదమ్ములు ముగ్గురూ పల్లకి దింపి, కళ్లు గట్టిగా మూసుకుని, తలలు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూలబడ్డారు. భూమి ఇంకా తిరుగుతోంది.

ఆ లోపల జరగాల్సింది జరిగింది. శ్రీనివాసాచారి తూలుతూ వచ్చి స్వామిని పల్లకిలోంచి తీసి గుండెకి హత్తుకుని గుళ్లోకి పరిగెత్తాడు. తెర ఎప్పట్లాగే పడిపోయింది. నాయుడు ట్రాక్టరు నడిపేవాణ్ని కేకేశాడు. ఆ తర్వాత దాలయ్య దగ్గరకొచ్చి, ఒళ్లు మండిపోయి, "ఇంక సాల్రా మీ పనితనం! లెగండి! ఆ పల్లకి ఎత్తుకుని నడవండి ఇక్కణ్నుంచి!" అని అరిచాడు.

దాలయ్య కళ్లు తెరిచాడు. ఆ మాట చెవిన పడగానే అతని మొహం చాటంత అయింది.

"ఇన్నారట్రా? పల్లకి ఎత్తుకుని నడమన్నారు! నాయుడు బావు ఒప్పుకున్నారు! హక్కు మనదే!"

ముగ్గురూ పరుగున వెళ్లి కొయ్యలు భుజాలకెత్తుకున్నారు. "ఓహోం, ఓహోం" అంటూ వీధిలోకి నడిచారు. వెనక గవరయ్య రిమోటుతో, పైడమ్మ మజ్జిగ కుండతో. పది అడుగులు వేశాక అసిరయ్య, "అన్నియ్యా, బరువే నేదు!" అన్నాడు. దాలయ్యకీ అదే అనిపిస్తోంది. నలభై ఏళ్ల నుంచి మోస్తున్న భుజం అది. ఎప్పుడూ ఇంత తేలిగ్గా లేదు.

"తట్ట మోస్తన్నాదిరా! రెక్కలు ఆగిపోనా మోస్తన్నాది! ఇస్వాసం అంటే అదీ!" అన్నాడు. బడి దాటారు. అతనికి ఆనందం తగ్గి గుబులు పట్టుకుంది. "అయినా ఇంత తేలికుండకూడదురా. భుజానికి తెలవకపోతే స్వామిని మోసినట్టేటి? గాలేస్తే పల్లకీ లేసిపోతే స్వామి గతేటి?"

"లోపలికోసారి సూద్దుమా?" అన్నాడు సూరప్పడు.

"తప్పు! మోసేవోడు తెర తీసి సూడకూడదు. బరువు తగ్గితే బరువెట్టాల, అంతే."

రోడ్డు పక్కన కల్వర్టు కోసం పోసిన రాళ్ల గుట్ట ఉంది. పల్లకి దింపి, ముగ్గురూ కళ్లు మూసుకుని, తెర కిందనుంచి తడుముకుంటూ ఒక్కో రాయీ లోపలికి పేర్చారు. మధ్యమధ్యలో ఎత్తి చూసుకున్నారు. భుజం మీద కాయ సలపడం మొదలయ్యాక దాలయ్య, "ఇదీ బరువు. ఇదీ స్వామి," అన్నాడు. కొయ్యలు మూలుగుతుంటే, కాళ్లు వంకర్లు పోతుంటే, చెమటలు కక్కుతూ ఊరంతా తిరిగారు. గుమ్మాల్లో ముసలివాళ్లు ఒకరిద్దరు దండం కూడా పెట్టారు. దాలయ్యకి తన తండ్రి గుర్తొచ్చాడు. జన్మలో అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

నాలుగు వీధుల కూడలికి వచ్చేసరికి ఎదురుగా సన్నాయి వినిపించింది. బంతిపూల ట్రాక్టరు మెల్లగా వస్తోంది. దాని మీద పట్టుపరుపు వేసి వేణుగోపాలస్వామి, పక్కన గొడుగు పట్టుకుని శ్రీనివాసాచారి, వెనక ఊరు ఊరంతా. స్టీరింగు పక్కన నిలబడ్డ సింహాద్రినాయుడు పల్లకిని చూశాడు, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన రాళ్లని చూశాడు.

దాలయ్య మాత్రం స్వామిని చూసి పులకరించిపోయాడు. చేతులు జోడించడానికి వీల్లేక తల వంచాడు.

"ఒరే, సూడండ్రా! మనం పల్లకీ ఎంత బాగా మోస్తన్నామో సూద్దామని స్వామే ట్రాక్టరెక్కి ఎదురొచ్చినాడు!"

సూరప్పడు స్వామి వంక చూశాడు, పల్లకి వంక చూశాడు. ఆ ఇంట్లో మొదటిసారిగా ఒక అనుమానం పుట్టింది. "మరి పల్లకీలో ఎవరున్నారన్నియ్యా?"

"ఎవరైతేనేటిరా?" అన్నాడు దాలయ్య, కొయ్యని భుజం మీద సర్దుకుంటూ. "బరువుగా ఉన్నారా నేదా? మరి నడు!"